గరుకు పొరల లోపల

డెలోరిస్ తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. గంటసేపు ఎవరూ తట్టరు, నేను కిందికెళ్లి కాస్త సూప్ తాగి వస్తాను, వచ్చాక నువ్వు ఏ మాటంటే ఆ మాటే అంది. ఎంత తేలిగ్గా అనేసింది! ఏ మాటంటే ఆ మాటేనట. సిగ్నె కోటు కూడా విప్పకుండా కుర్చీ అంచున కూర్చుంది, చేతులు తొడల కింద పెట్టుకుంది. కిటికీ అవతల కార్లు ఆపే చోట, పారలతో ఎత్తిపోసిన మంచు గుట్టలు మసిబారిపోయి, మార్చి నెల వచ్చినా కరగమని మొండికేసి కూర్చున్నాయి. ఈ ఆసుపత్రిలో డెలోరిస్‌కి ఒక్కటే పని, అవయవం ఇచ్చే మనిషి పక్షాన నిలబడటం. పుచ్చుకునే వాళ్ల మొహం కూడా ఆవిడ చూడదు. అందుకే ఇందాక ఆ మాట అంత నెమ్మదిగా, ఎన్నోసార్లు అని అరిగిపోయిన గొంతుతో చెప్పింది. "నీ కాలేయం శుభ్రంగా ఉందమ్మా. డాక్టర్లందరూ సరేనన్నారు. ఇంక అనాల్సింది నువ్వే. నీకు ఇష్టం లేకపోతే నా చెవిన ఒక్క మాట వెయ్యి. నీకు ఇష్టం లేదని బయట మీ వాళ్లకి చెప్పం. 'ఈసారికి సరిపోలేదు' అంటాం, అంతే. ఎందుకని అడిగితే ఇచ్చే వాళ్ల సంగతులు చెప్పకూడదంటాం. మీ చెల్లెలు నా కాళ్లు పట్టుకున్నా చెప్పను." చెల్లెలు బెరిట్ నడవా చివర, కూతురు టిల్డాని ఒళ్లో పెట్టుకుని, ఈ తలుపు వైపే చూస్తూ కూర్చుని ఉంటుంది. టిల్డాకి మూడేళ్లు. కళ్లు పసుపు, పొట్ట కుండ, కాళ్లూ చేతులూ పుల్లలు. పోయిన వారం రక్తం కక్కుకుంది. సిగ్నె కాలేయంలో ఎడమ వైపు చిన్న ముక్క కోసి ఆ పిల్లకి పెడితే బతుకుతుంది. పెట్టకపోతే, ఎవరో ఎక్కడో చనిపోయి వాళ్లది సరిపోయేదాకా ఎదురుచూడాలి, అప్పటిదాకా పిల్ల ఉంటే.

ఇందులో ఆలోచించడానికేముంది, ఇచ్చెయ్యాలి, ఎవరైనా ఇస్తారు. ఈ మాట తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకుందో. చెప్పుకున్నప్పుడల్లా ఒకటి అడ్డొస్తుంది. భయం. వేరే పేరెందుకు, భయమే. అమ్మ ఆర్డిస్ పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి వెళ్లింది, అదేమంత పెద్ద పనా, రోజూ వందమందికి చేస్తారు. చక్రాల మంచం మీద తీసుకెళ్తుంటే వెనక్కి తిరిగి, "పొయ్యి మీద బంగాళదుంపలు వదిలేసొచ్చానే, ఆపు" అంది. అదే ఆఖరి మాట. మత్తు ఇచ్చాక ఇక లేవలేదు. ఎందుకు లేవలేదో ఎవరూ చెప్పలేకపోయారు, ఒంటికి మత్తు పడలేదన్నారు, లక్షమందిలో ఒకరికి అలా అవుతుందన్నారు, ఆ ఒక్కరూ మా అమ్మే ఎందుకయిందని సిగ్నె అడిగితే ఆ కుర్ర డాక్టరు బూట్ల వంక చూసుకున్నాడు. ఇంటికెళ్లి చూస్తే బంగాళదుంపలు మాడి గిన్నెకి అంటుకుని ఉన్నాయి. సిగ్నె ఆ గిన్నె తోముతూ కూర్చుంది, బెరిట్ వచ్చి లాక్కునేదాకా. ఇప్పుడు ఈ డాక్టర్లకి ఆ సంగతంతా చెప్పింది, వాళ్లు పరీక్షలు చేసి నీకు ఆ గండం లేదన్నారు, కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. ఒళ్లు వినదే! ఒంటికి కాగితాలు చదవడం రాదు. రాత్రిళ్లు ముక్కు మీద మత్తు ముసుగు పెట్టినట్టే ఉంటుంది, ఊపిరందక లేచి కూర్చుంటుంది. ఒంటరి మనిషి, పక్కన ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ తెలియదు. ఇచ్చాక చచ్చిపోతావనే భయమా అంటే అదీ కాదు, అది కూడా ఉందిలే, కానీ అసలు భయం నిద్రపుచ్చే ఆ క్షణం. ఎవరి చేతుల్లోకో జారిపోయే క్షణం.

ఇదంతా ఎక్కడ మొదలైంది? టిల్డా జన్యువులో ఒక్క అక్షరం దగ్గర. సిగ్నె ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే అది, విశ్వవిద్యాలయంలో పిల్లలకి చెప్పేదీ అదే, కణం లోపలి గరుకు పొరల గురించి. పుస్తకాల్లో దాని పేరు గరుకు అంతర్జీవద్రవ్య జాలం, పలికేసరికి నోరు నొప్పెడుతుంది. ఆమె మాత్రం మడతలు అంటుంది. కాలేయ కణంలో కేంద్రకాన్ని ఆనుకుని మడత మీద మడతగా పొరలు, వాటి మీద ఇసుక చల్లినట్టు రైబోజోములు, అందుకే గరుకు. కేంద్రకం నుంచి ఉత్తర్వు వస్తుంది, ఫలానా ప్రోటీన్ కావాలని. రైబోజోము అందుకుని గొలుసు అల్లడం మొదలుపెడుతుంది. రక్తంలోకి పోవాల్సిన ప్రోటీన్ అయితే దాని మొదటి కొసలోనే చిరునామా ఉంటుంది. ఆ కొస బయటికి తొంగి చూసీ చూడగానే ఇంకో కణిక వచ్చి పట్టుకుంటుంది, అల్లిక ఆపేయిస్తుంది, ఆ రైబోజోముని మొత్తంగా ఈడ్చుకొచ్చి పొర మీద ఒక రంధ్రం దగ్గర కూర్చోబెడుతుంది. అక్కడ మళ్లీ అల్లిక మొదలు, ఈసారి గొలుసు అల్లుతుండగానే రంధ్రంలోంచి లోపలికి దిగిపోతూ ఉంటుంది. దిగాక చిరునామాతో పనేముంది, కత్తిరించేస్తారు. ఎవరు చేస్తారు? ఎవరూ లేరు, అన్నీ ప్రోటీన్లే, అయినా చెప్పేటప్పుడు మనుషుల్లాగే నోట్లోంచి వస్తాయి. చక్కెర తగిలిస్తారు, పక్కన నిలబడి ఒద్దికగా మడతపెడతారు, మడత సరిగ్గా పడితేనే బయటికి పంపుతారు, లేదంటే పట్టుకుని మళ్లీ మడతపెట్టిస్తారు, ఎన్నిసార్లయినా సరే, ఇక లాభం లేదనుకుంటే వెనక్కి లాగి చించిపారేస్తారు. బెరిట్‌కి ఇదంతా అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చినప్పుడు, టిల్డా జబ్బేంటో తేలిన రోజున, సిగ్నెకి అమ్మే గుర్తొచ్చింది. చర్చి కింద వంటగదిలో చావు భోజనాలు వడ్డించేటప్పుడు అమ్మ ఆ గోడ కిటికీ దగ్గర నిలబడేది. లోపల ఆడవాళ్లు ప్లేటు సర్దిస్తే అమ్మ చూసి, బాగుంటే కిటికీలోంచి అవతలికి తోసేది, బాగా లేకపోతే "ఇదేంటే, దూడకి పెడుతున్నావా?" అని వెనక్కి ఇచ్చేది. "అదేనే బెరిట్, టిల్డా ఒంట్లో ఆ కిటికీ దగ్గరే వచ్చింది చిక్కు. ఊపిరితిత్తుల్ని కాపాడే ప్రోటీన్ ఒకటి కాలేయంలో తయారవ్వాలి. దాని గొలుసులో ఒక్క పూస తేడా. మడత సరిగ్గా పడదు. బయటికి పంపరు. కొంత చించేస్తారు, మిగతావి ఒకదాన్నొకటి కొక్కేలేసి పట్టుకుంటాయి, ఇక చించడానికీ వీలవదు. ఆ మడతల్లోనే పేరుకుంటుంది, పేరుకుని పేరుకుని..." బెరిట్ చెవులు మూసుకుంది. "చాల్లే అక్కా, పాఠం చెప్పకు" అంది. తర్వాత తనే అడిగింది, "మరి అది నా వల్లా, లోరెన్ వల్లా?" అని. మొగుడూ పెళ్లాం ఇద్దరి వల్లా. ఇద్దరి దగ్గరా ఆ జన్యువు ప్రతుల్లో ఒకటి మంచిది, ఒకటి వంకరది, పిల్లకి రెండు వంకరలూ వచ్చాయి. నార్వే నుంచీ స్వీడన్ నుంచీ ఓడలెక్కి ఈ దేశం వచ్చిన ముసలాళ్లు మూటల్లో కట్టుకొచ్చింది, ఇక్కడ సగం ఊళ్లకి సగం ఊళ్లు మోస్తున్నాయి. సిగ్నె దగ్గరా ఒక వంకరది ఉందని రక్తపరీక్షలో తేలింది. అందుకే కాలేయంలోంచి సూదితో చిన్న పీచు తీసి చూడాల్సొచ్చింది, ఒక్క వంకరతో కూడా కొందరి మడతల్లో పేరుకుంటుంది కాబట్టి. పేరుకుంటే ఇవ్వడానికి పనికిరాదు.

ఆ పీచు సంగతి తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ల్యాబులో ఎవరి ఫలితాన్ని వాళ్లు చదవకూడదు, పేరు మీద టేపు అంటించి పక్కవాళ్లకిచ్చి చదివించాలి, కళ్లు మనం కోరుకున్నదే చూస్తాయని కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ సిగ్నె తనే చెబుతుంది. చెప్పి చెప్పి తనే వెళ్లింది, నిన్న, పాథాలజీలో పాతికేళ్ల స్నేహం ఉన్న యూనిస్ దగ్గరికి. నాది నేను చూస్తానంది. "నీకేమైనా పిచ్చా?" అంది యూనిస్. "పిచ్చే, చూపించు." యూనిస్ విసుక్కుంటూనే పళ్లెంలోంచి గాజుపలక తీసి మైక్రోస్కోపు కింద పెట్టి ఎవరో పిలిస్తే పక్కకి వెళ్లింది. సిగ్నె వంగి చూసింది. గులాబీ. ఎటు తిప్పినా గులాబీ, కణం నిండా గులాబీ, అంచుల దాకా. పేరుకున్న ప్రోటీన్‌కి ఆ రంగే పడుతుంది. హమ్మయ్య. అచ్చంగా ఆ మాటే, లోపల ఎవరో పైకే అన్నట్టు వినిపించింది, హమ్మయ్య, నేను పనికిరాను, తప్పిపోయింది. టిల్డా గుర్తు రాలేదు. ఆ ఒక్క ఊపిరిలో టిల్డా అనే పిల్ల లోకంలోనే లేదు. యూనిస్ తిరిగొచ్చి, "అయ్యో, అది కాదే, అది చక్కెర కడగని పలక" అంటూ ఇంకోటి పెట్టింది. కాలేయంలో మామూలుగా ఉండే చక్కెర నిల్వకి కూడా ఆ గులాబీయే పడుతుంది, ముందు ఎంజైముతో అది కరిగించేశాకే చూడాలి, మొదటి ఏడాది పిల్లలు పప్పులో కాలేసేది అక్కడే, పరీక్షల్లో ఆ ప్రశ్న సిగ్నె ఏటేటా ఇస్తుంది. పైగా పేరుకున్నది గుండ్రంగా పూసల్లా కనబడాలి, ఇలా పరుచుకుని ఉండదు. అవన్నీ తెలుసు. తెలిసీ చూడలేదు. రెండో పలకలో ఏమీ లేదు, అంతా పాలిపోయి, చల్లగా, శుభ్రంగా. "ఎంత అందమైన కాలేయమే నీది!" అని యూనిస్ వీపు చరిచింది. సిగ్నె నవ్వింది. బయటికొచ్చి కారులో కూర్చుని ఇంజను వేయకుండా, కాళ్లు కొయ్యబారేదాకా అలాగే ఉండిపోయింది. ఛీ, ఏం మనిషిని నేను అనుకుంది. ఆ పిల్లకి నేను పెద్దమ్మని.

అయితే ఇప్పుడు ఆ గులాబీయే చాలు కదా. డెలోరిస్ చెప్పే ఆ రెండు మాటలు బెరిట్ చెవిన పడితే బెరిట్ ఏమనుకుంటుంది? అక్క మడతల్లో కూడా పేరుకుందనుకుంటుంది. తనకి తానే అర్థం చేసుకుంటుంది, సిగ్నె నోరు విప్పి అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఇన్నాళ్లూ చెప్పిన పాఠమే ఆ అబద్ధాన్ని చెప్పేస్తుంది. పాపం అక్కా అంటుంది. మీద పడి ఏడుస్తుంది. ఈసారికి సరిపోలేదు. ఈసారికి. ఆ 'ఈసారికి' ఏంటి మధ్యలో? కాలేయం ఏమన్నా ఒకసారి సరిపోయి ఒకసారి సరిపోకుండా పోయేదా? ఎవరు పెట్టారో ఆ మాట, వినడానికి మెత్తగా ఉంటుందని పెట్టి ఉంటారు. ఎక్కడో విన్న మాటే. ఎక్కడ? సిగ్నె చేతులు తొడల కింద నుంచి బయటికి తీసింది. బెరిట్ వాళ్ల వంటింట్లో. క్రిస్మస్ వెళ్లిన వారమో, ఆ పై వారమో. బెరిట్‌ది రక్తం గ్రూపు కలవలేదని మొదట్లోనే కాదన్నారు, లోరెన్‌ది కలిసింది, అన్ని పరీక్షలూ అయ్యాయి, చివరి ఫలితానికని అతనొక్కడే వెళ్లొచ్చాడు. తలుపు దగ్గర బూట్లు కూడా విప్పకుండా నిలబడ్డాడు, టోపీ చేతుల్లో నలుపుతూ. "ఈసారికి సరిపోలేదట" అన్నాడు. ఎందుకట? "చెప్పలేదు. అంతే అన్నారు." బెరిట్ వెళ్లి అతన్ని పట్టుకుని, పోనీలే, పోనీలే, నువ్వేం చేస్తావు అని వీపు నిమిరింది. అతను మళ్లీ బయటికెళ్లి, పొద్దున్నే శుభ్రం చేసిన వాకిట్లో మళ్లీ ట్రాక్టరు తిప్పుతూ, లేని మంచుని తోస్తూ చీకటి పడేదాకా ఉన్నాడు. సిగ్నె అప్పుడే అనుకుంది, అదేంటి, అతని పరీక్షలన్నీ బాగున్నాయిగా అని. అనుకుని ఊరుకుంది. ఈ గదిలోకే వచ్చాడు. ఈ కుర్చీలోనే కూర్చుని ఉంటాడు, ఆ పొడుగు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. డెలోరిస్ కిందికెళ్లి సూప్ తాగి వచ్చేలోపు ఆ ఒక్క మాట తేల్చుకున్నాడు.

ముందు ఒళ్లు మండింది. కన్నతండ్రివిరా నువ్వు! ఒక్కగానొక్క పిల్ల, ఆవు ఈనడానికి కష్టపడుతుంటే రాత్రంతా మోచేతుల దాకా చెయ్యి పెట్టి దూడని లాగేవాడివి, నీకు భయమా? నీ బదులు నన్ను ఈ కుర్చీలో కూర్చోబెడతావా? ఆ కోపం ఎంత హాయిగా ఉందో, భయం కాసేపు ఎక్కడా కనబడలేదు. కాసేపే. నిన్న ఆ గులాబీ చూసి హమ్మయ్య అన్నదెవరు మరి? అతను అన్నదే నువ్వూ అన్నావు, అతనికి డెలోరిస్ అడిగితే వచ్చింది, నీకు అడక్కుండానే వచ్చింది. అతన్ననడానికి నీకు నోరెక్కడిది? ఆ తర్వాత లోరెన్ ఎలా ఉన్నాడో ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. టిల్డాకి అన్నం తినిపించడు, అదివరకు తనే తినిపించేవాడు. పిల్ల పరిగెత్తుకొస్తే ఎత్తుకుంటాడు, మొహం మాత్రం చూడడు. ఆసుపత్రికి ప్రతి వారం తనే తోలుకొస్తాడు, మంచు తుఫానైనా సరే, ఇంకెవర్నీ తోలనివ్వడు. చర్చిలో పాట పాడటం మానేశాడు, బెరిట్ పాపం అలసటనుకుంటోంది. లోపల ఉన్నదాన్ని బయటికి పంపలేడు, కరిగించుకోలేడు. అలా ఎన్నాళ్లు? టిల్డా బతికినా అంతే, పోతే మరీ అంతే. సిగ్నెకి అతని మీద జాలి వేసింది. తన మీద కూడా వేసింది, అది ఎక్కువ వేసింది, అబద్ధమెందుకు. రేపు తనూ ఆ వంటింటి తలుపు దగ్గర అలాగే నిలబడి ఆ రెండు మాటలూ అంటే, లోరెన్ అక్కడే ఉంటాడు. వినగానే తెలుసుకుంటాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ప్రతి క్రిస్మస్‌కీ ఆ బల్ల దగ్గర, ఆ ఖాళీ చిన్న కుర్చీ మధ్యలో పెట్టుకుని... వద్దు. మత్తుకి భయమే. కానీ ఆ బల్ల దగ్గర కూర్చోవడం తన వల్ల కాదు.

తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. డెలోరిస్ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది, ఆవిడ దగ్గర ఉల్లిపాయ వాసన. "ఇస్తాను" అంది సిగ్నె. డెలోరిస్ ఆ మొహంలోకి చూసింది. "ఎవరి బలవంతమూ లేదుగా?"

"లేదు. భయం మాత్రం ఉంది."

"ఉండనీ. లేదన్న వాళ్లనే నేను నమ్మను."

"మత్తు ఇచ్చేటప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకుంటారా?" అడిగాక సిగ్గేసింది, నలభై ఎనిమిదేళ్ల మనిషి అడగాల్సిన ప్రశ్నేనా అని.

"నేను పట్టుకుంటా. నా చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి మరి, ముందే చెబుతున్నా" అంది డెలోరిస్.

నడవా చివర బెరిట్ లేదు. లోరెన్ ఒక్కడే ఉన్నాడు, టిల్డా అతని భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. సిగ్నెని చూసి లేవబోయి, పిల్ల కదిలితే మళ్లీ కూర్చున్నాడు. "బెరిట్ కాఫీకి వెళ్లింది వదినా" అన్నాడు నేల వైపు చూస్తూ. ఇంకా నేల వైపే చూస్తూ, "నీక్కూడా... ఆ గదిలో ఆవిడ ఆ మాట చెప్పిందా?" అన్నాడు.

"చెప్పింది."

అతను కళ్లు మూసుకున్నాడు. తన సంగతి వదినకి తెలిసిపోయిందని అతనికి అర్థమైంది. సిగ్నె పక్కన కూర్చుంది. ఏమనాలి? నోటిదాకా చాలా వచ్చాయి, ఇందాకటి కోపం కూడా ఒకసారి గొంతు దాకా వచ్చి చూసింది. "ఒప్పుకున్నాను లోరెన్. ఆపరేషన్ గురువారం పొద్దున్న" అంది. అతను పిల్ల వీపు మీద జోకొట్టడం మొదలుపెట్టాడు. ఇంతలో లిఫ్టులోంచి బెరిట్ వచ్చింది, రెండు చేతుల్లో రెండు కాఫీలు, అక్క మొహం చూసి అక్కడే ఆగిపోయింది. "ఏమన్నారు? చెప్పవే, చంపకు!" సిగ్నె తలూపింది. కాఫీలు ఎక్కడ పెట్టిందో తెలియదు, బెరిట్ వచ్చి మీద పడిపోయింది, ఏడుస్తోంది, నవ్వుతోంది, ముక్కు చీదుకుంటోంది, అక్కా అక్కా తప్ప ఇంకో మాట లేదు. చాలాసేపటికి తెప్పరిల్లి, కళ్లు తుడుచుకుంటూ, ఒక్కసారిగా గుర్తొచ్చినట్టు, "అవునూ, నీది శుభ్రంగా ఉందిగా. మరి లోరెన్‌దాంట్లో ఏముందే? ఒక్క చుక్క తాగడు, జబ్బని పడుకుని ఎరగడు. నాకు వాళ్లు చెప్పరు గానీ నువ్వు చెప్పగలవు, ఇదే కదా నీ చదువు" అంది.

టిల్డా వీపు మీద జోకొడుతున్న లోరెన్ చెయ్యి ఆగిపోయింది. సిగ్నె ఆ చెయ్యి చూసింది. ఈ విషయంలో ఇరవై ఏళ్లుగా తెలిస్తే తెలుసనడం, తెలియకపోతే తెలియదనడం, అంతే ఆమెకి వచ్చింది. "అతనిదీ నాలాగే, ఒకటి మంచిది ఒకటి వంకరది" అని మొదలుపెట్టింది. "నాది ఏదో అదృష్టం, మడతల్లో ఏమీ పేరుకోలేదు. కొందరికి పేరుకుంటుంది. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా. మనిషికి తెలియదు, నలత కూడా ఉండదు. సూదితో తీసి రంగేసి చూస్తే గులాబీ పూసలు బయటపడతాయి. అలాంటిది టిల్డాకి పెట్టకూడదు. పనికిరాదు." ఎక్కడా తడబడలేదు. తరగతిలో చెప్పినట్టే వచ్చింది.

"అంటే ఇతనికేమైనా ప్రమాదమా?"

"ఏమీ లేదు. తాగకుండా ఉంటే చాలు."

"చర్చిలో ఇచ్చే వైను గుటక కూడా సగమే మింగుతాడు మహానుభావుడు!" బెరిట్ నవ్వి మొగుడి భుజం మీద చరిచింది. "విన్నావా? నీ చేతుల్లో ఏముంది అందులో? అప్పట్నుంచీ మొహం వేలాడేసుకుని తిరుగుతున్నావు, నువ్వే ఏదో చేసినట్టు."

లోరెన్ తలెత్తి సిగ్నె వైపు చూశాడు, ఎన్నో వారాల తర్వాత మొదటిసారి నేరుగా కళ్లలోకి. టిల్డా జుట్టులో మొహం దాచుకుని భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడవడం మొదలుపెట్టాడు. పిల్ల బతుకుతుందని ఏడుస్తున్నాడనుకుంది బెరిట్. అదీ నిజమే.